పాయింట్ 22 టార్గెట్ పిస్టల్ మూడు రకాలుగా మొరాయిస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లచుక్క:
అందరికీ నమస్కారం. మా క్లబ్బులో అందరం వాడుకునే పాయింట్ 22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఒకటి ఉంది. అయిదు రౌండ్ల (తూటాల) మ్యాగజైన్లు, ప్రతి షాట్‌కూ వెనక్కి వెళ్లి వచ్చే స్లైడ్ ఉన్న మోడల్. ప్రిసిషన్‌లో నెమ్మదిగా కాల్చినంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. స్టాండర్డ్ పిస్టల్ అనే పోటీకి చేసే ప్రాక్టీసులో 20 సెకన్లు, 10 సెకన్ల సిరీస్‌లకు వచ్చేసరికి తిప్పలు మొదలు.

ఒక్కోసారి ఖాళీ కేసు (పేలిన తూటా ఇత్తడి గొట్టం) బయటికి పోకుండా స్లైడ్‌కీ, తూటా కూర్చునే చాంబర్‌కీ మధ్య నిలబడిపోతుంది. ఒక్కోసారి కొత్త రౌండ్ చాంబర్‌లోకి పోకుండా చాంబర్ ముందుండే వాలు, అదే ర్యాంప్ దగ్గర తల వంచుకుని ఇరుక్కుంటుంది. ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్ అని చప్పుడొచ్చి ఊరుకుంటుంది. క్లబ్బులో ఒకరు స్ప్రింగ్ అంటారు, ఒకరు తూటాలంటారు, ఇంకొకరు నూనె తక్కువైందంటారు. త్వరలో పోటీ ఉంది, టెన్షన్‌గా ఉంది. ముందు దేన్ని చూడాలి?

స్ప్రింగ్‌బాబు:
స్లైడ్‌ను ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్ బిగువెక్కువై ఉంటుంది బ్రో. ఒక చుట్టు కత్తిరించెయ్. నాది అలాగే సెట్ అయింది. ఇంత ఆలోచించక్కర్లేదు.

పాతతుపాకీ:
నల్లచుక్క తమ్ముడూ, కటింగ్ ప్లేయర్ పక్కన పెట్టు. అది క్లబ్ పిస్టల్, నీ ఒక్కడిదీ కాదు. స్ప్రింగ్ కత్తిరించాక స్లైడ్ వెనక్కి గట్టిగా వచ్చి ఫ్రేమ్‌ను కొడుతుంది, ముందుకు వెళ్లేటప్పుడు రౌండ్‌ను పూర్తిగా లోపలికి తోసే బలం తగ్గుతుంది. ఇప్పుడున్న మూడింటికి నాలుగోది తోడవుతుంది. కత్తిరించిన చుట్టు మళ్లీ అతుక్కోదు కూడా.

మూడు జబ్బులకు ఒకే మందు వెతక్కు. ముందు ఇవి చెప్పు.
ఎన్ని మ్యాగజైన్లు ఉన్నాయి, జామ్ అన్నిట్లోనూ వస్తోందా? అయిదు రౌండ్లలో ఎన్నో రౌండ్ దగ్గర? పేలని తూటా రిమ్ (అడుగు అంచు) మీద ఫైరింగ్ పిన్ కొట్టిన గుర్తు ఎలా ఉంది? తూటాలు ఏ రకం? చివరిసారి చాంబర్ లోపల బ్రష్ ఎప్పుడు పెట్టారు? పైపైన గుడ్డతో తుడవడం లెక్కలోకి రాదు.

తూటాలడబ్బా:
తూటాల సంగతి నేను చెబుతాను. టార్గెట్ పిస్టళ్లలో చాలావరకు స్టాండర్డ్ వెలాసిటీ తూటాకు ట్యూన్ చేసి ఉంటాయి. 40 గ్రెయిన్ల బరువున్న సీసపు బులెట్, వేగం సెకనుకు సుమారు 1050 నుంచి 1080 అడుగులు. అంతకంటే బాగా నెమ్మదైన సబ్‌సోనిక్ వేస్తే స్లైడ్ చివరిదాకా వెనక్కి రాదు. అప్పుడే ఖాళీ కేసు మధ్యలో నిలబడిపోతుంది. అలాగని హై వెలాసిటీ వేస్తే తిరుగుతుందేమో గానీ ఫ్రేమ్‌కూ స్లైడ్‌కూ దెబ్బ. మాన్యువల్‌లో ఏం రాశారో చూసి అదే వాడాలి. 

ఇంకో మాట, ఒకే కంపెనీ తూటాలైనా లాట్ (తయారైన విడత) మారితే కొన్ని పిస్టళ్లు ఒప్పుకోవు. డబ్బా మీది లాట్ నంబర్ ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

నల్లచుక్క:
అన్నా, మ్యాగజైన్లు మూడు. వేటికీ గుర్తులు లేవు, ఏది పెడుతున్నామో ఎవరూ చూడరు. తూటాలు స్టాండర్డ్ వెలాసిటీయే, క్లబ్బులో అందరం అవే వాడతాం. మిగతా పిస్టళ్లలో బాగానే పేలుతున్నాయి. పేలని తూటాల మీద పిన్ గుర్తు ఉంది కానీ పైపైన గీసినట్టుంది. చాంబర్ బ్రష్ గురించి అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఒక విషయం మాత్రం ఖాయం. వేగంగా కాల్చినప్పుడే వస్తోంది.

పాతతుపాకీ:
అదే నాకు నమ్మకం కుదరడం లేదు. నువ్వు 150 సెకన్లలో కాలుస్తున్నావో 10 సెకన్లలో కాలుస్తున్నావో పిస్టల్‌కు తెలియదు. ట్రిగ్గర్ నొక్కాక స్లైడ్ వెనక్కి వెళ్లి రావడం రెప్పపాటులో అయిపోతుంది, నీ తర్వాతి షాట్ ఎంత తొందరగా కొట్టినా అప్పటికి అంతా కుదురుకుని ఉంటుంది.

స్టాండర్డ్ పిస్టల్ వరుస గుర్తు చేసుకో. ముందు 150 సెకన్ల సిరీస్‌లు నాలుగు, తర్వాత 20 సెకన్లవి నాలుగు, ఆఖరున 10 సెకన్లవి నాలుగు. ఒక్కో సిరీస్‌కు 5 షాట్లు. అంటే 10 సెకన్ల దగ్గరికి వచ్చేసరికి ముందు కొట్టే సైటింగ్ (ట్రయల్) షాట్లు కాక 40 రౌండ్లు పోయి ఉంటాయి. వేగం వల్ల జామ్ అవుతోందా, 40 రౌండ్ల మసి వల్ల జామ్ అవుతోందా అన్నది ఇంతవరకూ మీరెవరూ తేల్చలేదు.

తేల్చడం తేలిక. చాంబర్, బ్రీచ్ ముఖం (స్లైడ్‌లో తూటా అడుగు ఆనే చోటు), కేసును పట్టుకునే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద, అన్నీ బాగా శుభ్రం చేసి, ఈసారి తిరగేసి మొదలుపెట్టు. శుభ్రమైన పిస్టల్‌తో నేరుగా 10 సెకన్ల సిరీస్‌లు కొట్టు, తర్వాత నెమ్మదివి. మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2, 3 అని రాయి. జామ్ అయిన ప్రతిసారీ మ్యాగజైన్ నంబర్, ఎన్నో రౌండ్, ఏ రకం జామ్, మూడూ రాసుకో. ఈలోగా ఏ స్క్రూ తిప్పొద్దు, ఏ స్ప్రింగ్ మార్చొద్దు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

కొత్తగురి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఎయిర్ పిస్టల్ నుంచి ఈమధ్యే 25 మీటర్లకు వచ్చాను. టిక్ అని పేలకపోతే వెంటనే స్లైడ్ లాగేయాలా? మా రేంజ్‌లో కొందరు అలాగే చేస్తున్నారు.

ఫైరింగ్‌లైన్:
వెంటనే లాగకూడదమ్మా. నేను రేంజ్ ఆఫీసర్‌గా పనిచేస్తాను కాబట్టి ఇది కాస్త గట్టిగా చెబుతాను.

టిక్ అన్నాక బ్యారెల్ మూతి టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, కనీసం 30 సెకన్లు ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం అరుదే గానీ ఉంది. స్లైడ్ తెరిచాక పేలితే ఇత్తడి కేసు ముక్కలు మొహం మీదికి వస్తాయి. కళ్లద్దాలు లేకుండా లైన్ మీదికి రావద్దని మేం పోరేది అందుకే. 30 సెకన్లయ్యాక మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, ఆ తూటాను రేంజ్ వాళ్లకు ఇవ్వాలి. చెత్తబుట్టలో వేయకూడదు, జేబులో వేసుకుని ఇంటికి అసలే తీసుకెళ్లకూడదు.

టిక్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది టుప్ అనే చప్పుడు. షాట్ పేలింది గానీ శబ్దం నీరసంగా వచ్చింది, చేతికి తన్ను తగల్లేదు, టార్గెట్ మీద రంధ్రం లేదు అంటే బులెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనకే ఇంకో షాట్ కొడితే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. అక్కడికక్కడే ఆపి, పిస్టల్ ఖాళీ చేసి, బ్రీచ్ తెరిచి, క్లీనింగ్ రాడ్‌తో బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. వేగంగా కొట్టే సిరీస్‌లో ఇది గమనించడం కష్టం, అందుకే చెవికి అలవాటు చేసుకోవాలి.

రిమ్‌ఫైర్:
పేలని తూటా చాలా కబుర్లు చెబుతుంది, పారేసే ముందు చూడండి. ఈ పాయింట్ 22 ఎల్ఆర్ తూటా 1887లో పుట్టింది. అప్పటికి సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లు అమ్మకంలో లేనే లేవు. అంచు బయటికి పొడుచుకుని ఉండే ఈ రిమ్ మ్యాగజైన్ కోసం చేసింది కాదు, మనమే దీన్ని మ్యాగజైన్లో కుక్కుతున్నాం. సగం తిప్పలు అక్కడివే.

పేలుడు మసాలా రిమ్ మడత లోపల చుట్టూ ఉంటుంది. ఎక్కడైనా పలచబడితే, సరిగ్గా అక్కడే పిన్ కొడితే, లోతైన గుర్తు పడినా పేలదు. అలాంటప్పుడు తప్పు తూటాది. రేంజ్ ఆఫీసర్ ఒప్పుకుంటే ఆ తూటానే కొంచెం తిప్పి మళ్లీ చాంబర్‌లో పెట్టి చూడొచ్చు, సాధారణంగా పేలుతుంది.

నల్లచుక్క గారి తూటాల మీద గుర్తు పైపైన ఉందన్నారు. అది పిస్టల్ వైపు వేలు చూపిస్తోంది. దానికి నాకు తెలిసి మూడు దారులు. ఫైరింగ్ పిన్ ఉండే గాడిలో పాత నూనె మసితో కలిసి జిగురులా తయారై పిన్ వేగాన్ని తినేయడం. పిన్‌ను కొట్టే హ్యామర్ స్ప్రింగ్ నీరసించడం, లేదా పిన్ కొన అరగడం. మూడోది జనం మరిచిపోయేది. స్లైడ్ పూర్తిగా మూసుకోకుండా వెంట్రుక వాసి ఆగిపోతే, పిన్ దెబ్బలో కొంత ఆ తూటాను ముందుకు నెట్టడానికే ఖర్చయిపోతుంది. మిగిలిన బలం రిమ్‌ను నలపడానికి చాలదు.

రెండోసారి కొడితే అదే తూటా పేలుతోందా? పేలుతుంటే నా ఓటు మూడోదానికి. మొదటి దెబ్బ తూటాను చాంబర్‌లో కుదురుగా కూర్చోబెట్టిందన్నమాట.

స్ప్రింగ్‌బాబు:
అంటే మీరు చెప్పేదాని ప్రకారం నా పిస్టల్ బాగుపడింది స్ప్రింగ్ వల్ల కాదా? రెండేళ్లుగా జామ్ లేకుండా నడుస్తోంది మరి.

పాతతుపాకీ:
నడుస్తోంది, కాదనను. నీ స్ప్రింగ్ నిజంగానే ఆ తూటాకు ఎక్కువ బలమైనదై ఉండొచ్చు. అలాంటప్పుడు తయారీదారు ఇచ్చే తేలికపాటి స్ప్రింగ్ తెప్పించుకోవడం మేలు. స్లైడ్ లోపలా, ఫ్రేమ్ వెనక భాగంలోనూ కొత్తగా దెబ్బ గుర్తులు పడుతున్నాయేమో ఒకసారి చూసుకో. 

మూడోరింగ్:
ఇదే చర్చలో అడిగేస్తున్నాను. నాది వేరే పిస్టల్. ట్రిగ్గర్ కొంచెం తేలిక చేసుకున్నాను. అప్పటి నుంచి అప్పుడప్పుడూ ఒక్క నొక్కుకు రెండు షాట్లు పోతున్నాయి. రెండోది టార్గెట్ పైకి పోతోంది. ఏ స్క్రూ ఎంత తిప్పాలో ఎవరైనా చెబుతారా?

ఫైరింగ్‌లైన్:
ఎవరూ చెప్పకండి, దయచేసి.

మూడోరింగ్ గారూ, ఆ పిస్టల్‌లో ఇక తూటా పెట్టొద్దు. రెండో షాట్ మీ చేతిలో లేని షాట్, అది టార్గెట్ పైనే కాదు, అడ్డుగోడ పైనుంచి కూడా పోగలదు. సియర్ కొక్కెం హ్యామర్‌ను సరిగ్గా పట్టుకోవడం లేదన్నమాట. స్లైడ్ మూసుకున్న అదురుకే అది జారిపోతోంది. స్క్రూ వెనక్కి తిప్పగానే తగ్గినట్టు కనిపించినా, ఆ కొక్కెం అంచు ఇప్పటికే అరిగి ఉంటే మళ్లీ వస్తుంది. ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చేతికి ఇవ్వండి, మీకు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

పైగా ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల్లో 25 మీటర్ల పాయింట్ 22 పిస్టల్‌కు ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలి. అంతకంటే తేలిక చేసుకుంటే పరికరాల తనిఖీ దాటదు. 

మూడోరింగ్:
సరేనండి. ఈ వారం ఇచ్చేస్తాను.

నల్లచుక్క:
పరీక్ష చేశాం. పాతతుపాకీ అన్న చెప్పినట్టే తిరగేసి కొట్టాం, ఫలితం చూసి క్లబ్బులో వాదనలన్నీ ఆగిపోయాయి.

శుభ్రం చేసిన పిస్టల్‌తో మొదటే 10 సెకన్ల సిరీస్‌లు కొడితే టిక్ అనడం గానీ, కేసు నిలబడిపోవడం గానీ లేవు. అదే పిస్టల్ తర్వాత 150 సెకన్ల సిరీస్‌లలో, నింపాదిగా కొడుతుంటే, రెండూ మొదలుపెట్టింది. అంటే వేగం కాదు, మసే.

మూడోది, రౌండ్ ర్యాంప్ దగ్గర ఇరుక్కోవడం, శుభ్రంగా ఉన్నప్పుడూ వచ్చింది. కాగితం చూస్తే అన్నీ 2వ నంబర్ మ్యాగజైన్‌వే, అవీ నాలుగో రౌండ్ లేదా అయిదో రౌండ్ దగ్గరే. 1, 3 వాటిలో ఒక్కటీ లేదు.

రిమ్‌ఫైర్ గారూ, రెండో దెబ్బకు దాదాపు అన్నీ పేలాయి.

ఇప్పుడు నా ప్రశ్న. మిగతా పిస్టళ్లు ఇంతకు రెట్టింపు మసితో కూడా తిరుగుతున్నాయి. ఇదొక్కటే ఎందుకు అంత తొందరగా అలిగిపోతోంది?

పాతతుపాకీ:
2వ నంబర్ మ్యాగజైన్ సంగతి ముందు. ఆఖరి రౌండ్ల దగ్గరే వస్తోందంటే స్ప్రింగ్ నీరసించి ఉండాలి. మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగ్ బాగా నొక్కుకుని ఉంటుంది కాబట్టి తోపు బలంగా ఉంటుంది. ఖాళీ అయ్యేకొద్దీ తోపు తగ్గి, ఆఖరి రౌండ్ సమయానికి పైకి చేరదు, తల వంచుతుంది. 1వ దాని స్ప్రింగ్ తీసి 2వ దాంట్లో వేసి చూడు. జబ్బు స్ప్రింగ్‌తోపాటు ఊరు మారిందా స్ప్రింగే దోషి. 2లోనే ఉండిపోయిందా, పై అంచులు విచ్చుకుని ఉంటాయి, లేదా తూటాలను కింది నుంచి తోసే ఫాలోయర్ రాసుకుంటోంది. అంచుల్ని ప్లేయర్‌తో వంచే సాహసం వద్దు, కొత్త మ్యాగజైన్ కొనడమే.

నింపేటప్పుడు కూడా ప్రతి రౌండ్ రిమ్ కింది దాని రిమ్‌కు ముందు పడేలా చూడాలి. వెనక పడితే ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు.

రిమ్‌ఫైర్:
అలక సంగతి నేను చెబుతాను. క్లబ్ పిస్టల్ అన్నారు కదా, డ్రై ఫైర్ ఎంతమంది చేస్తారు? అదే, తూటా లేకుండా ఖాళీ చాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కడం?

సెంటర్‌ఫైర్‌లో పిన్ తూటా మధ్యలో కొడుతుంది, ఖాళీగా ఉంటే గాలిలోకి పోతుంది. రిమ్‌ఫైర్‌లో పిన్ అంచున కొడుతుంది. తూటా లేకపోతే దాని ఎదురుగా ఉండేది చాంబర్ అంచు ఉక్కే. కొన్ని మోడళ్లలో పిన్‌ను ముందే ఆపే ఏర్పాటు ఉంటుంది, కొన్నిట్లో లేదు, ఉన్నా అరిగిపోతుంది. పదేపదే కొడితే అంచు మీద చిన్న గుంట పడి, ఆ లోహం చాంబర్ లోపలికి ఉబుకుతుంది.

ఆ ఉబుకు వల్ల రౌండ్ బిగుతుగా దూరుతుంది. శుభ్రంగా ఉంటే స్లైడ్ ఎలాగో నెట్టేస్తుంది. మసీ, బులెట్ మీది మైనమూ చేరాక నెట్టలేదు. స్లైడ్ పూర్తిగా మూసుకోదు, టిక్ అంటుంది. పేలాక కేసు బయటికి రావడానికీ అదే అడ్డు. ఈ పిస్టళ్లలో కేసును వెనక్కి తోసేది ప్రధానంగా గ్యాస్ ఒత్తిడే. ఎక్స్‌ట్రాక్టర్ గోరు దాన్ని పట్టుకుని, బయటికి విసిరే ఎజెక్టర్‌కు తగిలేదాకా తీసుకెళ్తుంది, అంతే. కేసు రాసుకుంటూ వస్తే స్లైడ్ వేగం తగ్గి, ఎజెక్టర్ దెబ్బ నీరసంగా పడి, కేసు మధ్యలో నిలబడుతుంది. మీ టిక్, మీ నిలబడే కేసు, రెండిటికీ వేరు ఒకటే అయి ఉండొచ్చు.

పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, టార్చ్ వేసి, చాంబర్ అంచు మీద పిన్ ఆకారంలో గుంట ఉందేమో చూడండి. పేలిన కేసుల మీద ఒకే చోట గీత పడుతోందేమో కూడా.

కొత్తగురి:
ఇది చదివి నా డ్రై ఫైర్ ఆపేశాను. ప్లాస్టిక్ డమ్మీ తూటా వాడితే ఫరవాలేదా?

రిమ్‌ఫైర్:
ఫరవాలేదు, కానీ దాని రిమ్ కూడా నలుగుతుంది, కొన్ని దెబ్బలకే మార్చాలి. రంగు వేరుగా ఉన్నవే కొనండి, అసలు తూటాతో పొరబడకూడదు. మాన్యువల్‌లో డ్రై ఫైర్‌కు అనుమతి ఉందో లేదో అన్నిటికంటే ముందు చూడండి.

నల్లచుక్క:
గుంట ఉంది! పన్నెండు గంటల దిక్కున స్పష్టంగా. ఖాళీ కేసుల మీద గీత కూడా ఉంది, ఇన్నాళ్లూ ఊడ్చి పారేశాం గానీ ఒక్కరమూ చూడలేదు. ఆర్మరర్‌కు ఇచ్చాం. ఉబికిన లోహాన్ని మళ్లీ వెనక్కి నొక్కి గుండ్రంగా చేసే పనిముట్టు ఉంటుందట, ఫైల్ పెట్టనన్నారు. లోహాన్ని గీకేస్తే ఆ చోట కేసుకు ఆసరా పోతుందట.

2వ నంబర్ స్ప్రింగ్ మార్చి చూశాం, జబ్బు 1కి వెళ్లింది. కొత్త స్ప్రింగ్‌లు చెప్పాం.

కొత్తగురి:
ఒకవేళ పోటీలో ఇలా అయితే ఏం చేయాలి? 10 సెకన్లలో 30 సెకన్లు ఎలా ఆగుతాం?

ఫైరింగ్‌లైన్:
మంచి ప్రశ్న. పోటీలో అసలు మీరేమీ చేయకపోవడమే తెలివి. పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి, పట్టు వదలకుండా, ఖాళీ చేతిని పైకెత్తండి. రేంజ్ ఆఫీసర్ వచ్చి చూస్తారు. తూటా పేలకపోవడం, కేసు బయటికి రాకపోవడం, రౌండ్ ఇరుక్కోవడం లాంటివి అనుమతించదగ్గ మాల్‌ఫంక్షన్ల (పిస్టల్ మొరాయింపుల) కింద వస్తాయి.

మీరు స్లైడ్ ముట్టుకున్నారా, కథ మారిపోతుంది. సరిచేసుకుని సిరీస్ కొనసాగించవచ్చు గానీ, ఆ తర్వాత మాల్‌ఫంక్షన్ క్లెయిమ్ చేసే హక్కు ఉండదు, పిస్టల్ భాగం ఏదైనా విరిగి పనిచేయకుండా పోతే తప్ప. సేఫ్టీ తీయడం మరిచిపోవడం, మ్యాగజైన్ సరిగ్గా కూర్చోబెట్టకపోవడం, తక్కువ రౌండ్లు నింపడం, ట్రిగ్గర్‌ను పూర్తిగా వెనక్కి వదలకపోవడం, ఇవన్నీ అనుమతి లేనివి. ఆ సిరీస్‌లో కొట్టని షాట్లకు సున్నాలే. ఎన్నిసార్లు క్లెయిమ్ చేయొచ్చు, సిరీస్ మళ్లీ కొట్టాలా పూర్తి చేయాలా అన్నది ఈవెంట్‌ను బట్టి మారుతుంది. పోటీకి ముందు ఆ పేజీలు చదువుకోండి.

స్ప్రింగ్‌బాబు:
పాతతుపాకీ అన్నా, విప్పి చూశాను. ఫ్రేమ్ వెనక ఒక మెరుపు మచ్చ ఉంది. కొత్త స్ప్రింగ్ ఆర్డర్ పెట్టాను. ఇంకో సందేహం, సరదాగా కొట్టుకోవడానికి స్లైడ్ మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూసే సైట్) బిగిద్దామనుకుంటున్నా. దానివల్ల ఏమైనా తేడా వస్తుందా?

పాతతుపాకీ:
వస్తుంది. స్లైడ్ బరువు పెరుగుతుంది, ఆ తూటాకు అంత బరువు చివరిదాకా తోసే ఓపిక ఉండకపోవచ్చు. మళ్లీ కేసులు నిలబడితే స్ప్రింగ్ మీద పడకు. బ్యారెల్ మీదో ఫ్రేమ్ మీదో బిగించే మౌంట్ నీ మోడల్‌కు దొరుకుతుందేమో చూడు, అది స్లైడ్‌తోపాటు కదలదు. ఐఎస్ఎస్ఎఫ్ పోటీకి వెళ్లే రోజు మాత్రం తీసేయాలి, అక్కడ ఓపెన్ సైట్లే.

నల్లచుక్క:
పిస్టల్ వచ్చింది. పూర్తి స్టాండర్డ్ కోర్సు, మధ్యలో శుభ్రం చేయకుండా, 1, 3 మ్యాగజైన్లలో మంచి స్ప్రింగ్‌లు వేసి కొట్టాం. జామ్ లేదు, టిక్ లేదు. 2వది కొత్త స్ప్రింగ్ వచ్చేదాకా డ్రాయర్‌లోనే. చాంబర్ బ్రష్ ఇప్పుడు పిస్టల్ పెట్టెలోనే పెడుతున్నాం, పక్కన ఒక నోట్‌బుక్కూ. డమ్మీ తూటా లేకుండా డ్రై ఫైర్ చేయొద్దని పెట్టె మూత మీద రాశాం. 

తూటాలడబ్బా గారూ, లాట్ నంబర్ కూడా రాస్తున్నాం లెండి.